గుంజల్లేని దండెం

పొద్దున ఆరున్నరకు సంతోషకుమారి కొట్టు తలుపు చెక్కలు నంబర్ల వరసన తీసి గోడకు ఆనిస్తుంది. మొత్తం తొమ్మిది. తర్వాత నేల ఊడ్చి, కరెంటు ఉంటే సాల్డరింగు కడ్డీని ప్లగ్గులో పెడుతుంది, లేకపోతే కుంపట్లో పెడుతుంది. కడ్డీ వేడెక్కేలోపు లారీ బ్యాటరీ వైర్లు రెండూ కూతపెట్టెకు తగిలించి మొదటి స్విచ్చి వేస్తుంది. మంద్ర షడ్జమం మొదలవుతుంది. అరుగు మీది మైకు హారన్‌లోంచి బయలుదేరి, రోడ్డు వారగా, మనిషి తలకంటే జానెడు ఎత్తున, అంకమ్మ ఇంటి మలుపు దాకా ఆ స్వరం తిన్నగా నిలబడుతుంది. అప్పటికి అంకమ్మ పిండిన చీర భుజాన వేసుకుని వస్తుంది. చీర దులిపి స్వరం మీద ఆరేసి, అంచులు సరిచేసి, "రెండోది కూడా వెయ్యవే, దుప్పట్లున్నాయి" అంటుంది.

సంతోషకుమారి రెండో స్విచ్చి వేస్తుంది.

చినఉప్పలపాడులో 1986 అక్టోబరు నుంచి ఇది మామూలే. పర్చూరు దాటి గుంటూరు రోడ్డున వస్తే, వాగు ఇంకా అర కిలోమీటరు ఉందనగా ఎడమ పక్కన వచ్చే ఊరు అది. రెండు వందల పది గడప. నల్లరేగడి నేల. సగం పత్తి, సగం మిరప. రోడ్డు మీద ఉన్న నాలుగు కొట్లలో మూడోది "జక్రయ్య రేడియో రిపేరు". జక్రయ్య పోయి మూడేళ్లయినా బోర్డు మార్చలేదు. ఆయన కూతురు సంతోషకుమారికి ముప్పై రెండేళ్లు. వారమంతా రేడియోలు బాగుచేస్తుంది, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తుంది. రెండు పనుల్లోనూ ఆమె చేతికి పేరుంది. పర్చూరులో కుదరదన్న సెట్లు కూడా చినఉప్పలపాడు వచ్చి పలికేవి.

కూతపెట్టె పుట్టడానికి కారణం ఒక బొమ్మ.

ఇమాం హుస్సేన్ చీరాలలో సినిమా బోర్డులు వేసే పెయింటరు. జక్రయ్య కొట్టు బోర్డు రాసింది కూడా ఆయనే. వారానికి ఆరు రోజులు హీరోల ముఖాలు, హీరోయిన్ల బుగ్గలు, విలన్ల కళ్లు వేసేవాడు. శుక్రవారం పని ఉండదు. ఆ రోజు మిగిలిన రంగులతో, పాత హార్డుబోర్డుల వెనక వైపు, తనకు తోచింది వేసుకునేవాడు. ఆదివారం సంచికల్లో రాసేవాళ్లు ఇలాంటి వాటిని అధివాస్తవిక చిత్రాలంటారు. ఆయన మాత్రం "ఖాళీ రోజు బొమ్మ" అనేవాడు. వాటిలో ఒకటి ఇంట్లో పెడితే భార్య ఖైరున్నీసా ఒప్పుకోలేదు. దాన్ని చూస్తూ అన్నం తింటే ముద్ద ఎటు పోతుందో తెలియడం లేదని ఆవిడ ఫిర్యాదు. అందుకని ఆయన దాన్ని బస్సు టాపు మీద వేసుకుని చినఉప్పలపాడు తెచ్చి, జక్రయ్య మీదున్న అభిమానంతో ఆయన కూతురి కొట్లో తగిలించి పోయాడు.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. పైన ఆకాశం ఉండాల్సిన చోట ఎర్రగా మిరపకాయలు ఆరబోసిన కల్లం. కింద పత్తి చేను, పగిలిన ప్రతి కాయలోనూ దూదికి బదులు తెల్లటి చెవి. కుడి పక్కన కొత్తపట్నం సముద్రం గోడలా నిటారుగా నిలబడి ఉంటుంది. ఆ సముద్రంలోంచి ఎనిమిది దండేలు బయలుదేరతాయి. ఒక్కదానికీ గుంజ లేదు. వాటి మీద చీరలు, ఒక గోడగడియారం, ఒక కళ్లజోడు, ఒక పండుగప్ప చేప, మెడపట్టెడతో సహా ఒక ఎద్దు ఆరేసి ఉంటాయి. సముద్రం దగ్గర ఎడంగా ఉన్న ఎనిమిది దండేలు ఎడమ పక్క కింద మూలకొచ్చేసరికి ఒకే చుక్కలో కలుస్తాయి.

సంతోషకుమారి ఆ బొమ్మకు ఎదురుగా కూర్చునే సాల్డరింగు చేసేది. తల ఎత్తితే అదే. రెండు నెలలు చూశాక ఆమెకు ఒక సంగతి తోచింది: బొమ్మకు చప్పుడుంది, కానీ హార్మోనియం మీద పలకదు. హార్మోనియానికి ఊపిరి కావాలి. తిత్తి ఆగితే స్వరం పోతుంది. ఆ నిలబడ్డ సముద్రానికి ఊపిరి తీసుకునే మనిషి పనికిరాడు.

చచ్చిన రేడియోలు కొట్లో ఎప్పుడూ ఇరవైకి తక్కువ ఉండవు. వాటిలోంచి ట్రాన్సిస్టర్లు, కండెన్సర్లు ఏరింది. ఒక పాత వాల్వు సెట్టు చెక్క డబ్బాలో ఎనిమిది సర్క్యూట్లు బిగించింది. ఒక్కొక్కటీ ఒక్కొక్క స్వరం. స్వరాన్ని పైకీ కిందికీ జరపడానికి, రేడియోలో స్టేషన్లు తిప్పే మరలు ఎనిమిది పెట్టింది. ఏ రెండూ ఒక రకం కాదు. హారన్ చర్చిది. పాస్టరు గారిని అడిగితే, క్రిస్మసుకు మాత్రం చర్చికి ఇచ్చి మళ్లీ తీసుకుపొమ్మన్నారు. ఊరివాళ్లు దానికి కూతపెట్టె అని పేరు పెట్టారు.

మొదటిరోజు షడ్జమం సరిచూడటానికి గంటసేపు అలాగే ఉంచింది. అప్పుడు అంకమ్మ తడి చీరతో దారిన పోతూ, అక్కడ ఉంది కాబట్టి ఆరేసింది. మర్నాడు మరో ఇద్దరు వచ్చారు. వారం తిరిగేసరికి ఊళ్లో ఎవరికి ఏ స్వరం కావాలో తెలిసిపోయింది. మంద్ర షడ్జమం మీద తడి దుప్పటి నిలుస్తుంది. పంచమం చీరలకు బాగుంటుంది. పై నిషాదం మీద జేబురుమాలు కూడా ఆగదు, పైగా పలుచన కాబట్టి నేతచీర అంచు కోస్తుంది. ఎక్కడిదాకా వినబడితే అక్కడిదాకా దండెం. హారన్ ఎటు తిప్పితే అటు. స్విచ్చి ఆపితే బట్టలు కింద పడతాయి కాబట్టి, ఆపే ముందు సంతోషకుమారి ఒక కేక వేసేది.

ఊళ్లో బట్టలు ఆ దండేల మీద వేయనిది లక్ష్మీనరసింహం గారొక్కరే. రిటైరైన హెడ్మాస్టరు. కొట్టు గది ఆయనదే. ఆయన పెరట్లో రెండు రాతి గుంజలు, వాటి మధ్య ఇత్తడి తీగ ఉన్నాయి. ఆయన పంచె వాటి మీదే ఆరుతుంది. దండేల మీద ఆయనకు కోపం లేదు. తనకున్నది తనకుందని ఊరుకున్నారు.

దీపావళి దాటాక కూతపెట్టె శ్రుతి తప్పడం మొదలైంది. పొద్దున సరిగ్గా ఉన్న పంచమం పది గంటలకు మధ్యమం దాకా దిగజారేది. సంతోషకుమారి కండెన్సరు మార్చింది. మర్నాడూ దిగింది. ఇంకోటి మార్చింది. గుంటూరు పోయేవాళ్ల చేత కొత్తవి తెప్పించి మూడోసారి మార్చింది. నవంబరు పదిహేడున, చేతిలో సాల్డరింగు కడ్డీతో అరుగు మీదికి వచ్చి చూస్తే, పంచమం మీద అంకమ్మ నీళ్లోడే బొంత ఆరేస్తోంది. దండెం వంగింది. వంగినంతా స్వరం దిగింది. పదేళ్లుగా లోకంలోని ప్రతి తప్పూ పెట్టె లోపలే ఉంటుందని నమ్మిన మెకానిక్కు ఆమె.

ఆ రోజే ఆమె చట్టం చేసింది. బొంతలు షడ్జమం మీదే. తక్కిన వాటి మీద ఒక్కో చీర, అదీ గట్టిగా పిండాక. ఊరు ఒప్పుకుంది. శ్రుతి నిలిచింది.

బొమ్మకు సంగీతం ఆ చలికాలమంతా కట్టింది. రూళ్ల పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేది. ఎర్ర కల్లానికి ఎనిమిది స్వరాలూ దగ్గర దగ్గరగా జరిపి, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఘాటెక్కేలా పెట్టింది. నిలబడ్డ సముద్రానికి మరలన్నీ కలిపి నెమ్మదిగా పైకి తిప్పింది. ఎక్కడా విరగని అల అది. చెవులున్న పత్తి చేను దగ్గర ఏమీ వాయించలేదు. వినేవాళ్ల వంతు అని పుస్తకంలో రాసి, ఆరు సెకన్లు ఖాళీ వదిలింది. గడియారానికి, చేపకు, ఎద్దుకు తలా ఒక నడక వచ్చింది. ఎద్దు నడక ఊరికి బాగా నచ్చింది.

డిసెంబరులో చీరాల నుంచి జానకిరామయ్య గారు వచ్చారు. వయొలిన్ విద్వాంసుడు, పాత వాల్వు రేడియో పట్టుకుని వచ్చారు. గుంటూరులో త్యాగరాజ పంచమికి ఉత్సవాలు చేసే ఒక సభ, వచ్చే వేసవిలో కొత్త వాద్యాలకు ఒక సాయంత్రం కేటాయించింది. ఎంపిక చేసే ముగ్గురిలో ఆయనొకరు. రేడియో బాగయ్యేదాకా బల్ల మీద కూర్చుని, సంతోషకుమారి వాయించినది మొత్తం విన్నారు. ఆమె చివరికొచ్చి స్విచ్చిలు ఆపేసింది. బయట ఎవరివో రెండు లంగాలు కింద పడ్డాయి.

"అయిపోయిందా?" అన్నారాయన.

"అయిపోయిందండి."

"అవలేదమ్మాయీ. ఆపావు. కొళాయి కట్టేసినట్టు ఆపావు. ఆపడం వేరు, ముగియడం వేరు. ఎత్తుగడ ఉంది, నడక ఉంది, ముక్తాయింపు లేదు. అది లేకపోతే నేను ఒప్పుకోను. ముందే చెబుతున్నా."

ఆయన చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. ఊపిరి ఉన్న వాద్యం తనంతట తాను ముగుస్తుంది. దీనికి ముగియడం తెలియదు. అయినా దరఖాస్తు పెట్టింది. మార్చి పధ్నాలుగు, శనివారం, పదకొండు గంటలకు గుంటూరులో వాయించి చూపాలని కార్డు వచ్చింది. ముగ్గురిలో ఇద్దరు విని ఒప్పుకోవాలి. అది నియమం.

జనవరి చివర్లో లక్ష్మీనరసింహం గారు కొట్టుకొచ్చి కుర్చీ తుడుచుకుని కూర్చున్నారు. అల్లుడు పురుగుమందుల కొట్టు పెడతానంటున్నాడని చెప్పారు. తెల్లదోమ వచ్చాక పత్తి రైతు పొద్దున లేస్తే పర్చూరు పరిగెత్తుతున్నాడని, రోడ్డు మీద ఈ గదే కావాలని అల్లుడి పట్టు అని చెప్పారు. దాచకుండా, తడుముకోకుండా చెప్పారు. ఉగాదికి ఖాళీ చేయాలి.

"మా నాన్న ఇరవై రెండేళ్లు కూర్చున్న కొట్టండి ఇది" అంది సంతోషకుమారి.

"తెలుసమ్మా. నా రేడియో కూడా ఆయనే చేశాడు. కాకపోతే రేడియో పాడైతే ఊరు ఆగదు, చేను పాడైతే ఆగుతుంది. అల్లుడి మాట అది. నాకు ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి కావాలి గదా." లేవబోతూ అన్నారు. "ఆ గుంటూరు సభలో నీ పేరు చదివితే, అదొక మాట. సభలో వాయించిన మనిషి కొట్టు మా గదిలో ఉందంటే నేను అల్లుడితో మాట్లాడగలను."

ఇక కావాల్సింది ముక్తాయింపు. ఫిబ్రవరి అంతా వెతికింది. స్వరాలు ఒక్కొక్కటే ఆపి చూసింది. దీపాలు ఆర్పుకుంటూ పోయినట్టుంది. చప్పుడు తగ్గించుకుంటూ పోయింది. దూరంగా పోయే బస్సులా ఉంది. ఇమాం హుస్సేన్ ఒక శుక్రవారం చూడటానికి వస్తే, బొమ్మలో ఎడమ మూల చుక్క చూపించి, దండేలన్నీ దూరంగా పోయి అక్కడ కలుస్తున్నాయి కదా, దూరాన్ని ఎలా వాయించాలో తెలియడం లేదని చెప్పింది.

ఆయన బీడీ చెవి మీద నుంచి తీసి మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"దూరమా? నలభై ఏళ్లలో నేను దూరం ఎప్పుడు వేశానమ్మా? సినిమా బోర్డులో దూరం ఉండదు. అందరూ ముందే నిలబడాలి, లేకపోతే వాళ్ల అభిమానులు కొడతారు. అది దూరం కాదు, బరువు. ఎద్దును ఆరేస్తే దండెం వంగదా?"

సంతోషకుమారి నవ్వింది. ఆయన జోకు వేశాడనుకుంది. బరువు సంగతి ఆమె నవంబరులోనే తేల్చేసింది.

మార్చి పధ్నాలుగున చీరాల నుంచి గుంటూరు పోయే బస్సు ఎనిమిదింబావుకు చినఉప్పలపాడు రావాలి. ఇమాం హుస్సేన్ చీరాలలోనే ఎక్కి ఆమెకు సీటు పట్టుకుంటానన్నాడు. జానకిరామయ్య గారు, ఎంపిక చేసే ఇంకొకావిడ, వీణ టీచరు దుర్గాంబ గారు కూడా అదే బస్సుకు వస్తున్నారని చెప్పాడు. మూడో ఆయన గుంటూరు మనిషి. ఆ రోజు దండేలు ఉండవని సంతోషకుమారి ముందురోజే ఊరందరికీ చెప్పింది. పొద్దున ఏడున్నరకు కూతపెట్టెను గోనెసంచిలో చుట్టి, బ్యాటరీ, హారన్ పక్కన పెట్టుకుని రోడ్డు మీద నిలబడింది. ముక్తాయింపు ఇంకా లేదు. దారిలో దొరుకుతుందని కాదు, దొరక్కపోయినా వాయించే మనిషే ఆమె.

రోడ్డుకు ఆ పక్కనే అంకమ్మ కల్లం. రెండెకరాల కౌలు చేను, రెండో కోత. సగం ఎండిన కాయ. మొగుడు పోయాక ఆమె ఒంటి చేతి మీద తీసిన పంట. మంచి ఎండ ఇంకా నాలుగు రోజులు ఉంటే బస్తాలకెత్తొచ్చు. తూర్పున మబ్బు లేచింది. మార్చిలో మబ్బేమిటని ఎవరూ పట్టించుకోలేదు. ఏడూ నలభైకి సముద్రం వైపు నుంచి చల్లగాలి కొట్టింది. అంకమ్మ చీపురు పట్టుకుని కల్లంలోకి పరిగెత్తడం సంతోషకుమారి చూసింది.

సగం ఎండిన కాయను కుప్ప చేసి కప్పితే లోపల ఉడుకుతుంది. కప్పకపోతే తడుస్తుంది. రెండు విధాలా తెల్లబడి తాలవుతుంది. మిరప పండించే ఊళ్లో ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. గాలి ఆడేలా పైన పందిరి వేయాలి. పందిరికి గుంజలు కావాలి. గుంజలు పాతేంత వ్యవధి లేదు.

సంతోషకుమారి గోనెసంచి విప్పింది.

అంకమ్మ చూసి నడుం నిటారు చేసింది. "ఏం చేస్తున్నావే? నీ బస్సు వచ్చే వేళ."

"పట్టాలు తీసుకురా అక్కా. ఉన్నవాళ్లందర్నీ తెమ్మను."

"నీ కొట్టు పోద్ది సంతోషం."

"నువ్వు పట్టాలు తే."

హారన్‌ను కల్లం మీదికి తిప్పి, ఎనిమిది స్విచ్చిలూ వేసింది. ఎనిమిది స్వరాలు కల్లం మీద ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎడంగా పరుచుకున్నాయి. జనం వచ్చారు. బండి మీద కప్పే టార్పాలిన్లు, యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టాలు, చర్చి పందిరి గుడ్డ, ఏది దొరికితే అది స్వరాల మీద విసిరారు. ఆఖరి పట్టా పడిన రెండు నిమిషాలకు వాన మొదలైంది.

ఊరికే ఎందుకు నిలబడాలి? సంతోషకుమారి వాయించడం మొదలుపెట్టింది. ఎర్ర కల్లం నుంచి ఎత్తుకుంది. కింద నిజం కల్లమే ఉంది. సముద్రం దాకా వచ్చేసరికి బస్సు వచ్చింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. ఆమె చేతులు రెండూ మరల మీదున్నాయి. పెట్టె ఆపి బస్సెక్కితే పట్టాలు కాయ మీద పడతాయి. కిటికీలోంచి ఇమాం హుస్సేన్ చెయ్యి ఊపాడు, తర్వాత బొటనవేలుతో ముందు సీటు వైపు చూపించాడు. అక్కడ జానకిరామయ్య గారి తెల్ల కండువా ఉంది. బస్సు ఇంకో నిమిషం ఆగి, గేరు వేసుకుని వాగు వైపు పోయింది. ఆమె దాన్ని కనుమరుగయ్యేదాకా చూసి, ఆపితే పట్టాలు పడతాయి కాబట్టి పత్తి చేను ఖాళీని దాటేసి, గడియారం నడక ఎత్తుకుంది. కొట్లో ఉన్న సామానంతా ఎన్ని బండ్లవుతుందో ఆ నడకలోనే లెక్కకొచ్చింది. రెండు.

వాన పెరిగింది. ఇరవై నిమిషాల తర్వాత బస్సు నెమ్మదిగా వెనక్కి వచ్చింది. వాగు చప్టా మీద నడుంలోతు నీళ్లు పారుతున్నాయి. బస్సు టాపు కారుతోంది కాబట్టి జనం దిగి పట్టాల కిందికి వచ్చారు. కాయ తొక్కకుండా గట్టు మీద వరసగా నిలబడ్డారు. దుర్గాంబ గారు గొడుగు ముడిచి గాంధారానికి తగిలించారు. జానకిరామయ్య గారు కండువా పిండి, ఎక్కడ వేయాలా అని చూసి, పంచమం మీద వేశారు. ఆయన కుడి చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది.

అప్పటికి ఎద్దు నడక నడుస్తోంది. పట్టాల మధ్య నీళ్లు నిలవడం మొదలైంది. దండేలు వంగాయి. నిషాదం ముందు దిగింది. అలవాటు కొద్దీ సంతోషకుమారి దాని మర పైకి తిప్పింది. ధైవతం దిగింది. దాన్ని ఎత్తేసరికి పంచమం, మధ్యమం దిగాయి. మరలు ఎనిమిది, చేతులు రెండు. ఎత్తిన కొద్దీ పట్టాలు బిగుసుకుని నీళ్లు గుమ్మడికాయల్లా వేలాడాయి. ఒక యూరియా పట్టా కుట్టు పుటుక్కున తెగింది. దోసెడు నీళ్లు కాయ మీద పడ్డాయి. అంకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గట్టు చివర నుంచి ఇమాం హుస్సేన్ తన బొమ్మను చూస్తున్నట్టే తల పక్కకు వంచి కల్లాన్ని చూస్తున్నాడు. ఆయన అనాల్సింది ఫిబ్రవరిలోనే అన్నాడు.

సంతోషకుమారి మరల మీద నుంచి చేతులు తీసేసింది.

ఎనిమిది స్వరాలూ జారడం మొదలుపెట్టాయి. నిషాదం తొందరగా, రిషభం నింపాదిగా, ఏ దాని బరువుకు తగ్గట్టు అది. కల్లానికి ఎడమ చేతి మూల పల్లం, దాని అవతల రోడ్డు కాలువ. దండేలన్నీ అటు వంగాయి. సముద్రం వైపు ఎడంగా, పల్లం వైపు దగ్గరగా. పట్టాల మీది నీళ్లు కుట్లు తెంచడం మానేసి, ఆ మూలకు పాయ కట్టి, కాలువలోకి దూకాయి. దారిలో స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి, కలిశాయి, విడిపోయాయి. ఆఖరికి అన్నీ వెళ్లి షడ్జమం దగ్గర ఆగాయి. ఎనిమిది స్వరాలు ఒక్క స్వరమైంది. పట్టాలు కాయకు బెత్తెడు ఎత్తున నిలిచాయి. ఒక్కటీ తగల్లేదు.

అలా ఎంతసేపు ఉందో దుర్గాంబ గారు తర్వాత నాలుగు నిమిషాలన్నారు, బస్సు కండక్టరు పది అన్నాడు. వాన సన్నబడి ఆగింది. షడ్జమం కూడా సన్నబడింది. ఆగింది. సంతోషకుమారి స్విచ్చి ముట్టుకోలేదు. పట్టాలు పొడి కాయ మీద నెమ్మదిగా, నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి కప్పినట్టు వాలాయి. జానకిరామయ్య గారి చెయ్యి సరిగ్గా సమం మీద, తాళం మొదలయ్యే దెబ్బ దగ్గర, ఆగి ఉంది.

ఆయన కింద పడ్డ కండువా తీసి దులుపుకున్నారు.

"ముక్తాయింపు ఎప్పుడు కట్టావమ్మాయీ?"

"ఇప్పుడేనండి."

"మళ్లీ వాయించగలవా?"

"బరువు చెబితే వాయిస్తానండి. వాన లేకపోతే తడి బొంతలు చాలు. ఎనిమిది కావాలి."

"బొంతలు నేనిస్తా" అంది అంకమ్మ, ఆయన అడక్కముందే.

జానకిరామయ్య గారు దుర్గాంబ గారి వైపు చూశారు. గుంటూరులో వినాలని నియమంలో ఉందా అని ఆవిడను అడిగారు. ఇద్దరు వినాలని ఉంది, ఎక్కడ వినాలో లేదని ఆవిడ చెప్పారు. ఆయన సంచిలోంచి కాగితాలు తీసి, పెన్ను మూత నోటితో పట్టుకుని, రచన పేరు ఏం రాయమంటావని అడిగారు. సంతోషకుమారి ఇమాం హుస్సేన్‌ను చూసింది. బొమ్మకు పేరు లేదు. సినిమా బోర్డు మీద పేరు రాసేది తాను కాదని, ముఖాలే తనవని ఆయన ఎప్పుడూ అంటాడు. ఆమె ఒకసారి కల్లం వైపు తిరిగి, "గుంజల్లేని దండెం" అని రాయమంది. ఆయన రాశారు. దుర్గాంబ గారు కింద సంతకం పెట్టారు. చప్టా మీద నీళ్లు మధ్యాహ్నం రెండింటికి తీశాయి, బస్సు వెళ్లిపోయింది.

అంకమ్మ కాయ నాలుగు రోజుల్లో ఎండింది. పట్టా తెగి నీళ్లు పడ్డ చోట ఏరితే తాలు ఒక చాటెడు వచ్చింది. ఇరవై మూడో తేదీన సభవాళ్ల జాబితా పేపర్లో జిల్లా పేజీలో పడింది, అడుగున, పత్తి ధరల పక్కన. ఆరో పేరు ఆమెది. ఆ కాగితం లక్ష్మీనరసింహం గారింటికి కూడా వస్తుంది. ఆయన ఏమీ కబురు చేయలేదు. సంతోషకుమారి కూడా అడగలేదు. సామాను మాత్రం కట్టలేదు.

మార్చి ముప్పై, ఉగాది. పొద్దున ఆరున్నరకు తలుపు చెక్కలు తొమ్మిదీ తీసి గోడకు ఆనించింది. ఊడ్చింది. కడ్డీ కుంపట్లో పెట్టి, బ్యాటరీ వైర్లు తగిలించి, మొదటి స్విచ్చి వేసింది. షడ్జమం అంకమ్మ ఇంటి మలుపు దాకా తిన్నగా నిలబడింది. ఆమె పాత వాల్వు సెట్టు ఒకటి ముందుకు లాక్కుని వెనక అట్ట విప్పుతుండగా స్వరం వెంట్రుకవాసి దిగింది.

కండెన్సరు ముట్టుకోలేదు. లేచి అరుగు మీదికి వచ్చింది.

దండెం మీద, అప్పుడే తలంటి కట్టి విడిచి పిండిన తొమ్మిది మూరల పంచె, ఎర్రంచుది, కొసలు సరిగ్గా కలిపి ఆరేసి ఉంది. లక్ష్మీనరసింహం గారు చేతులు తుడుచుకుంటూ అప్పటికే సగం దూరం నడిచారు.